మూసిన తలుపు అవతలికి వినపడాలి

రాత్రి రెండున్నర. బెంగళూరు కుందలహళ్లి గేటు దగ్గర ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో, మూడో అంతస్తు టూ బీహెచ్‌కే ఒకటి అనుకుందాం. మనవరాలిని చూడ్డానికి నెల్లూరు నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య ఒక గదిలో పడుకున్నారు. కూతురు, అల్లుడు, పసిపిల్ల ఇంకో గదిలో ఉన్నారు. రెండు తలుపులూ వేసే ఉన్నాయి. ఒక గదిలో ఏసీ నడుస్తోంది, రెండో గదిలో ఫ్యాను ఐదు మీద తిరుగుతోంది. హాల్లో టీవీ వెనకాల ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు టీవీ, సెట్‌టాప్ బాక్సు, రౌటర్, ఫోన్ చార్జర్ అన్నీ తగిలించి ఉన్నాయి. అందులో ఒక ప్లగ్గు వదులై, వేడెక్కి, ప్లాస్టిక్ కమురుతోంది. మంట ఇంకా లేదు. సన్నటి పొగ గోడ వెంబడి పైకి పాకి సీలింగు కింద పొరలా పరుచుకుంటోంది.

ఆ హాల్లో సీలింగుకు ఒక స్మోక్ అలారం ఉంది. పొగ తగలగానే అది మోగింది. మూడు మీటర్ల దూరంలో కనీసం 85 డెసిబెల్స్ రావాలన్నది ఇళ్ల అలారాలకు యూరప్‌లో పెట్టిన ప్రమాణం. అంటే హాల్లో నిలబడిన మనిషి చెవులు మూసుకోవాల్సినంత మోత. కానీ హాల్లో ఎవరూ లేరు. ఆ మోత నడవ దాటి, మూసిన తలుపు దాటి, ఏసీ హోరు దాటి, వినికిడి తగ్గిన తాతయ్య చెవి దాకా చేరేసరికి అందులో మిగిలేది కొంచెమే. వయసుతోపాటు మొదట తగ్గేది కీచుగా ఉండే శబ్దాల వినికిడి. చాలా అలారాలు మోగేది ఆ కీచు స్థాయిలోనే, సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గర. చిన్నపిల్లలు కూడా ఈ శబ్దానికి లేవకుండా నిద్రపోతారని పరీక్షల్లో తేలింది.

వైర్‌లెస్‌గా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే అలారాల సంగతి ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. యాప్, నోటిఫికేషన్, వాయిస్ అసిస్టెంట్ లాంటివన్నీ తర్వాత. హాల్లో పొగ పుడితే అమ్మమ్మ వాళ్ల మంచం పైన ఉన్న అలారం మోగాలి, పసిపిల్ల గదిలోదీ మోగాలి. ఈ అలారాలు కొనడానికి అసలు కారణం అదే. మిగతా హంగులన్నీ ఈ ఒక్క పని సరిగ్గా జరిగాకే లెక్కలోకి వస్తాయి.

అగ్నిప్రమాదం అనగానే కళ్ల ముందు మంటలే కదులుతాయి. ఇళ్లలో ఎక్కువ ప్రాణాలు తీసేది మాత్రం పొగ. 2025 మే 18న, ఆదివారం తెల్లవారుతుండగా హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది చనిపోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. చాలామందిని బలి తీసుకున్నది ఊపిరాడనివ్వని పొగే. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు అంటుకుంటే, ఆ పొగ మెట్ల దారిలో పైకెక్కి లాడ్జిలో బస చేసిన 8 మంది ప్రాణం తీసింది. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉంచిన రసాయనాలు అంటుకుని కనీసం 9 మంది పోయారు. బెంగళూరులో అందరికీ గుర్తున్నది 2010 ఫిబ్రవరి 23. పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో పొగ కమ్ముకుని, ఊపిరాడక కొందరు కిటికీల్లోంచి దూకేశారు. 9 మంది మరణించారు. ఆ కుటుంబాల చొరవతో పుట్టిన బియాండ్ కార్ల్‌టన్ అనే సంస్థ అప్పటి నుంచీ ఈ నగరంలో అగ్ని భద్రత గురించి మాట్లాడుతూనే ఉంది.

వీటన్నిటిలో ఒక పోలిక కనపడుతుంది. నిప్పు ఒకచోట, మనుషులు ఇంకోచోట. నిప్పు కింద పుడుతుంది, పొగ పైకి పోతుంది, పైనున్నవాళ్లకు తెలిసేసరికి మెట్లదారి పొగతో నిండిపోయి ఉంటుంది. తెలియడానికీ, దారి మూసుకుపోవడానికీ మధ్య ఉన్న ఆ కాస్త సమయమే వాళ్ల ప్రాణం. అలారం చేయగలిగిందల్లా ఆ సమయాన్ని కొంచెం పెంచడం.

‘కాలిన వాసనొస్తే మెలకువ రాదా’ అని చాలామంది అనుకుంటారు. రాదు. నిద్రలో వాసన మనిషిని నమ్మకంగా లేపలేదు. పైగా పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ మత్తును ఇంకా పెంచుతుంది. అందుకే పక్కగదిలో సోఫా తగలబడుతున్నా మంచం మీద నుంచి కదలకుండానే పోయినవాళ్లుంటారు.

ఆ సోఫా గురించి కూడా చెప్పుకోవాలి. అమెరికాలో వస్తువుల భద్రతను పరీక్షించే యూఎల్ సంస్థ రెండు గదులను పక్కపక్కనే తగలబెట్టి చూసింది. పాతకాలపు చెక్క, నూలు సామాను ఉన్న గది ఒక్కసారిగా అంటుకోవడానికి అరగంట దాకా పట్టింది. ఫోమ్ సోఫా, సింథటిక్ పరదాలు, పాలియెస్టర్ కార్పెట్ ఉన్న ఇవాళ్టి గదికి 5 నిమిషాలు కూడా పట్టలేదు. తాతగారి ఊళ్లో నులక మంచం, టేకు కుర్చీ ఉన్న ఇంటికీ, కొత్తగా ఇంటీరియర్స్ చేయించిన బెల్లందూరు ఫ్లాట్‌కీ తేడా అక్కడే ఉంది. అందంగా ముస్తాబు చేసిన ఫ్లాట్‌లోనే తప్పించుకునే వ్యవధి తక్కువ.

ఇక తలుపు. మన దగ్గర దీనిమీద చర్చ జరగడం లేదు. అదే యూఎల్ సంస్థ కొన్నేళ్లుగా ఒక మాట గట్టిగా చెబుతోంది: పడకగది తలుపు మూసుకునే పడుకోండి. మూసిన తలుపు బయటి పొగనూ వేడినీ చాలాసేపు ఆపుతుంది. తెరిచి ఉన్న గదిలో బతకడం అసాధ్యమైన సమయానికి, మూసిన గదిలో గాలి ఇంకా పీల్చుకునేలా ఉంటుంది. అంటే తలుపు వేసుకోవడం మంచిదే. కానీ అదే తలుపు హాల్లోని అలారం శబ్దాన్ని కూడా ఆపేస్తుంది. పొగ నుంచి కాపాడేదే మోత వినపడకుండా చేస్తుంది. ఒంటరి అలారంతో ఈ చిక్కు విడదు, హాల్లో ఎంత మంచిది పెట్టినా సరే. ప్రతి గదిలో ఒకటి పెట్టి, వాటన్నిటినీ కలిపితేనే విడుతుంది. అప్పుడు తలుపు వేసి ఉన్నా ఫర్వాలేదు, వేసి ఉంటేనే మేలు.

కలపడానికి పాత పద్ధతి వైరు. కొత్తగా కట్టే ఇంట్లో అయితే సీలింగులో పైపు వేసి, ఒక అలారం నుంచి ఇంకోదానికి లైను లాగొచ్చు. కట్టేసిన ఇంట్లో అది అయ్యే పని కాదు. ఈమధ్య బెంగళూరులో లేచిన టవర్లలో చాలావాటికి ఇటుక గోడలే ఉండవు. అల్యూమినియం ఫ్రేముల్లో గోడ, స్లాబు ఒకేసారి కాంక్రీటుతో పోసేస్తారు. మైవాన్ కట్టడం అంటారు. ఆ గోడకు ఫొటో ఫ్రేము మేకు కొట్టాలన్నా హ్యామర్ డ్రిల్ కావాలి. అందులో గాడి కొట్టి వైరు లాగుతానంటే అసోసియేషన్ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అద్దె ఇల్లయితే ఇంకో బాధ. సీలింగుకు రంధ్రం కనపడితే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి పెయింటింగ్ డబ్బులు పట్టుకుంటారు. ఉద్యోగాలకు వచ్చిన మనవాళ్లలో ఎక్కువమంది అద్దెకే ఉంటారు. వైర్‌లెస్ అలారానికి ఒకటి రెండు చిన్న స్క్రూలు చాలు. ఇల్లు మారితే వాటినీ విప్పి సామానుతోపాటు తీసుకుపోవచ్చు.

లోపల ఏముంటుందో చూస్తే దీనిమీద కొంచెం గౌరవం కలుగుతుంది. పొద్దున్నే కిటికీ సందులోంచి పడే ఎండ గీతలో దుమ్ము రేణువులు తేలుతూ కనపడతాయి కదా. ఆ గీత లేకపోతే అవి ఉన్నట్టే తెలియదు. ఫోటోఎలక్ట్రిక్ అలారం పనిచేసేది ఆ సూత్రం మీదే. నల్లటి ప్లాస్టిక్‌తో చేసిన చిన్న గది, గాలి లోపలికి రాగలదు గానీ వెలుతురు రాలేదు. ఒక పక్క కంటికి కనపడని కాంతిని వదిలే ఎల్ఈడీ ఉంటుంది. ఇంకో పక్క ఆ కాంతి నేరుగా తగలని కోణంలో ఒక సెన్సర్ ఉంటుంది. మామూలప్పుడు సెన్సర్‌కు చీకటే. పొగ రేణువులు లోపలికొస్తే కాంతి వాటికి తగిలి చెదిరి కొంత సెన్సర్ మీద పడుతుంది. అది ఒక హద్దు దాటితే అలారం. ఇంకో రకంలో అమెరీషియం 241 అనే రేడియోధార్మిక పదార్థం అతికొద్దిగా వాడతారు. అయొనైజేషన్ రకం అంటారు. భగ్గున లేచే మంటను అది కాస్త ముందు పట్టేస్తుంది. కానీ వైరింగు, పరుపు, సోఫా లాంటివి మంట లేకుండా కమిలే పొగను పట్టడంలో ఫోటోఎలక్ట్రిక్‌దే పైచేయి. రాత్రిపూట ఇళ్లలో భయపడాల్సింది ఆ కమిలే పొగకే కాబట్టి, పెట్టె మీద ‘ఫోటోఎలక్ట్రిక్’ అన్న మాట ఉందో లేదో చూసుకుని కొనాలి.

దీనికి ఒక చిన్న రేడియో జోడిస్తే వైర్‌లెస్ అలారం. బ్యాటరీ పదేళ్లు రావాలంటే ఆ రేడియో రోజంతా చెవి ఒగ్గి ఉండలేదు. అందుకని కొన్ని సెకన్లకోసారి రెప్పపాటు సేపు మేల్కొని, ఎవరైనా పిలుస్తున్నారా అని విని మళ్లీ నిద్రపోతుంది. పొగ పట్టిన అలారం తన సందేశాన్ని ఒక్కసారి పంపి ఊరుకోదు, మిగతావన్నీ మేల్కొనేదాకా పంపుతూనే ఉంటుంది. హాల్లోది మోగిన కొన్ని సెకన్లకు గాని పడకగదిలోది అందుకోకపోవడానికి కారణం ఇదే. అది లోపం కాదు. మంచి రకాల్లో, సందేశం అందుకున్న ప్రతి అలారం దాన్ని తిరిగి పలుకుతుంది. దాంతో ఇంటి ఈ చివర నుంచి ఆ చివరికి నేరుగా అందకపోయినా మధ్యలోది అందిస్తుంది. ఒక ఇంటి అలారాలన్నిటికీ కలిపి ఒక గుర్తింపు కోడ్ ఉంటుంది కాబట్టి పక్క ఫ్లాట్‌ది మోగితే మనవి మోగవు. అన్నీ ఒకేసారి అరుస్తుంటే పొగ ఎక్కడో తెలియక కంగారు పడతాం. దానికీ ఏర్పాటుంది: ఒక బటన్ నొక్కితే మిగతావన్నీ ఆగి, పొగ పట్టినది ఒక్కటే మోగుతుంది. కొనేటప్పుడు ఈ బటన్ ఉందో లేదో అడగాలి.

మైవాన్ గోడల సంగతి ఇక్కడ మళ్లీ వస్తుంది. ఇనుప చువ్వలున్న కాంక్రీటు రేడియో తరంగాలకు గట్టి అడ్డంకి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు అందులో బాగా నీరసపడతాయి. మాస్టర్ బెడ్‌రూమ్‌లో ఫోన్‌కు వైఫై రెండు గీతలకు పడిపోయే ఇళ్లలో ఉండేవాళ్లకు ఇది అనుభవమే. 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే అలారాలు గోడలను మెరుగ్గా దాటతాయి. లైసెన్సు అవసరం లేకుండా తక్కువ శక్తి పరికరాలకు మన ప్రభుత్వం వదిలిన బ్యాండ్లలో ఇదొకటి.

ఈ అంకెలు తెలియకపోవడం వల్ల మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. డాలస్‌లో ఉన్న అన్నయ్యో, న్యూజెర్సీలో ఉన్న వదినో ఇండియా వచ్చేటప్పుడు సూట్‌కేసులో రెండు మంచి అలారాలు పెట్టుకొస్తారు. ప్రేమతో తెచ్చేవే. కానీ అమెరికాలో ఇలాంటి పరికరాలు చాలావరకు 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. మన దగ్గర ఆ బ్యాండు ఇలా వాడుకోవడానికి వదిలింది కాదు. ఇంట్లోని స్మార్ట్ పరికరాలు ఒక హబ్ ద్వారా మాట్లాడుకునే జడ్-వేవ్ అనే రేడియో పద్ధతిని తీసుకుంటే అమెరికాది 908.4, ఇండియాది 865.2. కాబట్టి అక్కడి అలారం ఇక్కడి హబ్‌తో అసలు మాట్లాడదు. ఇక గోడ కరెంటుకు తగిలించే అమెరికన్ రకమైతే అది 120 వోల్టులకు చేసింది. మన 230కి కలిపితే పొగను పట్టాల్సిన వస్తువే పొగ పుట్టిస్తుంది.

దానికంటే పెద్ద చిక్కు ‘స్మార్ట్’ అన్న మాటతో వస్తోంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వైఫై అలారాల్లో చాలావాటికి తోటి అలారాలతో సంబంధమే ఉండదు. ప్రతిదీ విడివిడిగా రౌటర్‌కు కలిసి ఉంటుంది. హాల్లోది పొగ పడితే అది మోగుతుంది, ఫోన్‌కు మెసేజ్ వెళ్తుంది, అంతే. పడకగదిలోది నిశ్శబ్దంగానే ఉంటుంది. ఆ రాత్రివేళ ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. కరెంటు పోయి, రౌటర్‌కు యూపీఎస్ లేకపోతే ఆ మెసేజ్ కూడా రాదు. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు మొదట ఎంసీబీ పడిపోయి ఇంటికి కరెంటు పోవడం మామూలే. అంటే ఎప్పుడు అవసరమో సరిగ్గా అప్పుడే ఆ దారి తెగిపోతుంది. వైఫై ఉండటం వేరు, ఇంటర్‌లింక్ ఉండటం వేరు. రౌటర్ ఆఫ్ చేసినా ఒకటి మోగితే అన్నీ మోగుతాయా అన్నదే దుకాణదారుణ్ని అడగాల్సిన ప్రశ్న. గూగుల్ తన నెస్ట్ ప్రొటెక్ట్ అలారం తయారీని ఆపేస్తున్నట్టు 2025 మార్చిలో ప్రకటించింది. అంత పెద్ద కంపెనీ సరుకు కూడా మధ్యలో ఆగిపోవచ్చు. పదేళ్లు సీలింగుకు ఉండాల్సిన వస్తువు ఒక యాప్ మీద ఆధారపడకపోవడమే మంచిది. యాప్ అదనంగా ఉంటే మాత్రం కాదనక్కర్లేదు. అందరూ ఆఫీసులకు వెళ్లి, హొరమావులో పెద్దవాళ్లిద్దరే ఉన్నప్పుడు కొడుక్కి కబురందితే, అతను ఎదురింటివాళ్లకు ఫోన్ చేయగలడు.

ఇప్పుడు వంటిల్లు. మన ఇళ్లలో స్మోక్ అలారం బతుకుతుందా లేదా అన్నది తేలేది ఇక్కడే. నూనె పొగలు కక్కేదాకా కాచి, ఆవాలు చిటపటలాడాక ఎండుమిరపకాయలు తుంచి వేసి, ఇంగువ పడేస్తే లేచే ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్ముతారు. అలారానికి మాత్రం అది పొగే. ఆ నూనె ఆవిరికీ, కమిలే వైరు పొగకూ తేడా మామూలు సెన్సర్‌కు తెలియదు. పప్పు తాలింపు పెట్టిన ప్రతిసారీ ఇల్లంతా నాలుగు అలారాలు మోగితే, వారం తిరక్కుండా ఎవరో ఒకరు స్టూలెక్కి వాటిని పీకి అల్మారాలో పడేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. తప్పు అమర్చినవాళ్లది.

వంటింట్లో స్మోక్ అలారం పెట్టకూడదు. అక్కడ పెట్టాల్సింది హీట్ అలారం. అది పొగను పట్టించుకోదు, సీలింగు దగ్గర వేడి సుమారు 57, 58 డిగ్రీలు దాటితే మోగుతుంది. తాలింపుకు మోగదు, మూకుడు అంటుకుంటే మోగుతుంది. అది కూడా మిగతావాటితో కలిసే ఉంటుంది. హాల్లోని స్మోక్ అలారాన్ని పొయ్యికి కనీసం పదడుగుల దూరంలో ఉంచాలి. ఓపెన్ కిచెన్ ఫ్లాట్లలో ఆ పదడుగులు దొరకడం కష్టమే. అలాంటప్పుడు దాన్ని పడకగదుల వైపు జరిపి, చిమ్నీ వాడటం అలవాటు చేసుకోవాలి. పూజగదిలో సాంబ్రాణి, హారతి కర్పూరం కూడా ఇదే బాపతు. కర్పూరం పొగ నల్లగా, దట్టంగా ఉంటుంది. హష్ బటన్ ఉన్న అలారమైతే దాన్ని నొక్కితే కొన్ని నిమిషాలు సున్నితత్వం తగ్గించుకుని, ఆ తర్వాత తనంతట తానే మామూలు స్థితికి వస్తుంది. బ్యాటరీ పీకాల్సిన పని ఉండదు. గృహప్రవేశం రోజు హోమానికి అలారాలకు కవర్లు తొడుగుతారు. తొడిగినవాళ్లే సాయంత్రం తీయాలి. కట్టేటప్పుడు దుమ్ము పడకుండా పెట్టిన ప్లాస్టిక్ మూత ఏళ్లు గడిచినా తీయని డిటెక్టర్లు ఎన్నో అపార్ట్‌మెంట్ల లాబీల్లో కనపడతాయి. లోపల ఎర్ర లైటు మినుకుమినుకుమంటుంటుంది, అంతా బాగానే ఉన్నట్టు.

ఫ్యానుదీ ఒక పేచీ ఉంది. సీలింగు మధ్యలో అలారం పెట్టమంటారు, మన గదుల్లో మధ్యలో ఫ్యాను ఉంటుంది. రెక్కల అంచు నుంచి మూడడుగులైనా జరపాలి, లేదంటే ఆ గాలికి పొగ అలారాన్ని చేరకుండానే చెదిరిపోతుంది. అలాగని గోడ మూలకు నెట్టేయకూడదు, అక్కడ గాలి కదలదు. తొలకరి వానల తర్వాత లైట్ల చుట్టూ ఉసిళ్లు మూగే రోజుల్లో ఒక పురుగు లోపల దూరినా అలారం మోగొచ్చు. సన్నటి జాలీ ఉన్న రకం ఎంచుకోవడం, నెలకోసారి వాక్యూమ్‌తోనో మెత్తటి బ్రష్‌తోనో దుమ్ము దులపడం చాలు.

ఎన్ని పెట్టాలన్నది స్కాట్లండ్ చట్టం చూస్తే తెలుస్తుంది. 2022 ఫిబ్రవరి 1 నుంచి అక్కడ ప్రతి ఇంట్లో ఎక్కువగా కూర్చునే గదిలో ఒకటి, ప్రతి నడవలో ఒకటి స్మోక్ అలారం, వంటింట్లో హీట్ అలారం ఉండాలి. అన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లండ్ ఇంకో అడుగు ముందుకేసి ప్రతి పడకగదిలోనూ ఉండాలంది, అవీ ఫోటోఎలక్ట్రిక్‌వే. 2011 ఆగస్టులో స్లాక్స్ క్రీక్ అనే చోట ఒకే ఇంట్లో 11 మంది పోయాక వచ్చిన మార్పు అది. అమ్మే ఇళ్లకూ అద్దె ఇళ్లకూ 2022 జనవరి 1 నుంచే వర్తించింది, మిగతా ఇళ్లన్నిటికీ 2027 జనవరి 1 గడువు. మన దేశంలో 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ ఉంది, ఫైర్ అలారం వ్యవస్థలకు ఐఎస్ 2189 అనే ప్రమాణం ఉంది. కానీ వాటి దృష్టి ప్రధానంగా భవనాల మీద. ఫ్లాట్ అద్దెకివ్వాలంటే పడకగదిలో అలారం ఉండి తీరాలన్న నిబంధన మనకు లేదు. నిద్రపోయేది మాత్రం పడకగదిలోనే. తలుపులు మూసుకుని పడుకునే మన ఫ్లాట్లకు క్వీన్స్‌లండ్ పద్ధతికి స్కాట్లండ్ హీట్ అలారం కలిపితే సరిపోతుంది: హాల్లో ఒకటి, రెండు పడకగదుల్లో రెండు, వంటింట్లో హీట్ అలారం. టూ బీహెచ్‌కేకి నాలుగు. ఒంటరి అలారం కంటే ఖర్చు ఎక్కువే, కానీ ఒక సోఫా సెట్ ధరలో కొంత భాగమే.

అపార్ట్‌మెంట్ మొత్తాన్ని కలపడం మాత్రం వేరే లెక్క. ఒక ఫ్లాట్‌లో పొగ వస్తే 120 ఫ్లాట్లూ మోగాలని ఎవరైనా ఉత్సాహపడితే, ఆ ఉత్సాహం మొదటి పండగ దాకానే. సంక్రాంతికి అరిసెలు వండే రోజు పొద్దున ఎవరింట్లోనో నూనె మాడుతుంది, ఎనిమిది అంతస్తులవాళ్లు మెట్లు దిగుతారు. మూడోసారి ఎవరూ దిగరు. నిజంగా కాలిన రోజు కూడా దిగరు. నమ్మకం పోయిన అలారం ఉన్నా లేనట్టే.

అందుకే భవనం స్థాయిలో కబురు మెట్టుమెట్టుగా పోవాలి. ఫ్లాట్‌లో ఒక స్మోక్ అలారం మోగితే ఆ ఇంటివాళ్లకు మాత్రమే వినపడాలి, సెక్యూరిటీ గదిలోని ప్యానెల్‌లో ఆ ఫ్లాట్ నంబరు వెలగాలి. ఇంటివాళ్లు రెండు మూడు నిమిషాల్లో ఆపకపోయినా, రెండో అలారం కూడా పొగ పట్టినా, వంటింటి హీట్ అలారం మోగినా, ఆ అంతస్తూ దాని పైఅంతస్తులూ మోగాలి. లిఫ్ట్ లాబీలోనో, మెట్ల దగ్గరో, సెల్లార్‌లోనో డిటెక్టర్ పొగ పడితే ఎదురుచూపు లేదు, అందరూ లేవాల్సిందే. ఎందుకంటే అప్పటికి అందరి దారీ పాడవుతోంది. వైర్‌లెస్ దీన్ని తేలిక చేసింది. ఫ్లాట్లలోని అలారాలు ఆ అంతస్తులో ఉన్న ఒక గేట్‌వేకు రేడియోతో కబురు పంపుతాయి, గేట్‌వే నుంచి ప్యానెల్‌కు వైరు ఉంటుంది. పాత అపార్ట్‌మెంట్‌లో ఇళ్లలోపల ఒక్క గోడా పగలగొట్టకుండా చేయొచ్చు. బ్యాటరీ పడిపోయినా, సిగ్నల్ తెగినా కొన్ని నిమిషాల్లో ప్యానెల్‌లో ఫాల్ట్ చూపించే రకం కావాలి, ఇంట్లో వాడే చవక రకం ఇక్కడ పనికిరాదు.

ఆ ప్యానెల్ ముందు రాత్రి రెండున్నరకు కూర్చునే మనిషి సంగతి టెండర్ పేపర్లలో ఉండదు. అతను చాలాసార్లు అసోం నుంచో ఒడిశా నుంచో వచ్చిన కుర్రాడు. బీప్ వస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పి ఉండరు, ‘సైలెన్స్’ బటన్ ఎక్కడుందో మాత్రం చూపించి ఉంటారు. పసుపు రంగు ఫాల్ట్ లైటు నెలల తరబడి వెలుగుతుంటే అది అలంకారం అనుకుంటాడు. లక్షలు పోసి నెట్‌వర్క్ పెట్టిన అసోసియేషన్ అతనికి ఒక గంట సమయం ఇవ్వాలి. ప్యానెల్‌లో ఫ్లాట్ నంబరు ఎలా చదవాలి, ముందు ఎవరికి ఫోన్ చేయాలి, 101కో 112కో ఏమని చెప్పాలి, టెర్రస్ తాళం ఎక్కడుంది అన్నవి అతని భాషలోనే రాసి గోడకు అంటించాలి.

తాళాల సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. 2021 సెప్టెంబర్‌లో దేవరచిక్కనహళ్లిలోని అపార్ట్‌మెంట్‌లో మంటలు లేస్తే తల్లీకూతుళ్లు చనిపోయారు. బాల్కనీకి గ్రిల్ ఉండటంతో బయటపడలేకపోయారు. చుట్టుపక్కలవాళ్లు చూస్తుండగానే అది జరిగింది. అలారం మనిషిని లేపుతుంది గానీ దారి ఇవ్వదు. బాల్కనీ గ్రిల్‌లో లోపలి నుంచి తెరుచుకునే చిన్న తలుపైనా ఉండాలి, దాని తాళంచెవి పక్కనే మేకుకు వేలాడాలి. మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ పీజీ హాస్టళ్లలో రాత్రి పదకొండుకు మెయిన్ గేటుకు తాళం వేసి, చెవి వార్డెన్ దిండు కింద పెట్టుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. గదికి ముగ్గురు చొప్పున ఐదంతస్తుల పిల్లలు ఒక్క మెట్లదారి మీద ఆధారపడి పడుకుంటారు. అలారాలు కలిపి పెట్టడం అన్నిటికంటే ముందు జరగాల్సింది ఆ పీజీల్లోనే. పిల్లల్ని అక్కడ చేర్పించే అమ్మానాన్నలు భోజనం గురించి, వైఫై గురించి అడిగినట్టే దీన్ని కూడా అడగడం మొదలుపెడితే పీజీవాళ్లలో కదలిక వస్తుంది.

ఈ అలారం చేయలేనివి కూడా తెలిసి ఉండాలి. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ వల్ల పోగయ్యే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన, పొగ ఏవీ ఉండవు. స్మోక్ అలారానికి అది కనపడదు, దానికి వేరే సీఓ అలారం కావాలి. సిలిండర్‌లో వచ్చే వంటగ్యాస్ గాలికంటే బరువు, నేలబారున పరుచుకుంటుంది. దాని డిటెక్టర్ కింద, పొయ్యి దగ్గర్లో ఉండాలి, సీలింగు మీద కాదు. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని పైకి తెచ్చి మెయిన్ డోర్ పక్కన చార్జింగ్ పెట్టుకునే ఇంట్లో ఎన్ని అలారాలున్నా ధైర్యం చెప్పలేం. లిథియం బ్యాటరీ కట్టు తప్పితే పొగ నుంచి మంటకు సెకన్లే పడుతుంది. అది బయటికెళ్లే ఒక్క తలుపునూ మూసేస్తుంది.

అమర్చిన రోజు రాత్రి, అందరూ పడుకునే వేళకు, ఒక పరీక్ష చేయాలి. పగటిపూట స్టూలెక్కి బటన్ నొక్కి, మోగిందని సంతోషించడం చాలదు. తలుపులు రోజూ వేసినట్టే వేయాలి, ఏసీ, ఫ్యాను ఎప్పటిలాగే నడవాలి, తాతయ్య వినికిడి మెషిన్ తీసేసి పడుకోవాలి. అప్పుడు హాల్లో టెస్ట్ బటన్ నొక్కి ఆగకుండా పట్టుకోవాలి. ఆయన లేచి కూర్చుంటే సరే. లేవకపోతే ఆ గదికి మంద్రంగా, 520 హెర్ట్జ్ దగ్గర మోగే రకమో, దిండు కింద పెట్టి మంచాన్ని వణికించే రకమో కావాలి. పక్కగదిలో పసిపిల్ల ఏడ్చినా ఫర్వాలేదు, ఎత్తుకుని ఆమెతో సహా మెట్లు దిగి, గేటు బయట అందరూ కలవాల్సిన చోటు ఏదో ఆ రాత్రే అనుకోవాలి. తిరిగొచ్చాక ప్రతి అలారాన్నీ ఒకసారి కిందికి దించి, వెనకవైపున్న తయారీ తేదీ చూసి, దానికి పదేళ్లు కలిపి మార్కర్‌తో పెద్దక్షరాల్లో రాసి మళ్లీ బిగించాలి. అప్పటికి ఆ ఇంట్లో అద్దెకుండేది వేరేవాళ్లైనా, స్టూలెక్కినప్పుడు వాళ్లకు కనపడుతుంది.